సగం బలం దగ్గర ఆగే హక్కు

మాస్టారు: వ్యాయామం వల్ల మేలు లేదని నేను అనడం లేదు డాక్టరమ్మా. నా అభ్యంతరం వేరు. మా వ్యవసాయ కూలీల సంఘం ఆడవాళ్లు నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి, షుగర్ అంటూ మీ దగ్గరికి వస్తారు. మీరు మందులు రాసి, చీటీ చివర ‘రోజూ అరగంట నడవాలి’ అని రాస్తారు. తెల్లారకముందే లేచి వంట ముగించి, ఆటోలో ఇరుక్కుని పొలం చేరి, పొద్దు వాలేదాకా వంగి నాట్లు వేసి వచ్చిన మనిషి ఆ మాట చదివించుకుంటే ఏమనుకుంటుంది? నా ఒళ్లు ఇంకా చాలినంత వంగలేదన్నమాట అనుకుంటుంది. ఆ చీటీ రాసేవాళ్లకు ఆ పొలం తెలుసా అని అడుగుతున్నాను.

డాక్టరమ్మ: తెలిసే రాస్తాను మాస్టారూ. ఆవిడ కష్టం చాల్లేదని కాదు, ఆ కష్టమంతా ఒంట్లో ఒక పక్కకే పోతోందని రాస్తాను. వంగి నాటు వేసేటప్పుడు నడుము కండరాలు గంటల తరబడి బిగిసిన పట్టున ఉండిపోతాయి. అట్లా బిగిసిన కండరంలో నెత్తురు సరిగా ఆడదు. చేతులూపుకుంటూ చురుగ్గా నడిచేటప్పుడు జరిగేది వేరు. తొడల్లో, పిక్కల్లో ఉన్న పెద్ద కండరాలు ఒక లయలో బిగుస్తూ వదులవుతూ నెత్తురును గుండెకు ఎగదోస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో మేలు కూడా ఉంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో కూడా కండరం కదిలితే చాలు, గ్లూకోజును లోపలికి చేరవేసే ప్రోటీన్లు ఇన్సులిన్‌తో పని లేకుండానే కణం పైపొర మీదికి వస్తాయి. అన్నం తిన్నాక పావుగంట నడిచినవాళ్లకు రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు. ఇంత సాయం చేతిలో ఉంచుకుని, పేదది కదా, అలిసిపోయింది కదా అని చెప్పకుండా పంపేస్తే అది జాలి అవుతుంది గాని వైద్యం కాదు.

మాస్టారు: చెప్పొద్దనడం లేదమ్మా. పార్కులో తన ఇష్టం కొద్దీ నడిచేవాడి కదలిక ఒకటి, మేస్త్రీ కేకకు కదిలేవాడి కదలిక ఇంకొకటి. వైద్యులు ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, ‘కదలండి, ఆరోగ్యం వస్తుంది’ అంటున్నారు.

డాక్టరమ్మ: వ్యాయామం మీద శాస్త్రం మొదలైందే మీరన్న రెండో రకం కదలికతో. 1953లో జెరెమీ మోరిస్, ఆయన తోటివాళ్లు లండన్ డబుల్‌డెక్కర్ బస్సుల సిబ్బంది మీద చేసిన పరిశీలన లాన్సెట్ పత్రికలో వచ్చింది. డ్రైవరు షిఫ్టంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఒకే సంస్థ, అవే వీధులు, అదే పొగ. అయినా కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినా లేటు వయసులో వచ్చింది, తీవ్రత కూడా తక్కువ. తపాలా శాఖలో ఉత్తరాలు పంచుతూ తిరిగే పోస్టుమాన్‌నూ, బల్ల దగ్గర కూర్చునే గుమాస్తానూ పోల్చినా అట్లాగే తేలింది. వాళ్లెవరూ బూట్లు కట్టుకుని వాకింగ్‌కు పోయినవాళ్లు కాదు. జీతం కోసం కదిలినవాళ్లే. మీరు కాపాడాలనుకుంటున్న ఆ శ్రమజీవి ఒళ్లే ఈ సంగతిని లోకానికి చూపింది మాస్టారూ.

మాస్టారు: ఆ పరిశీలనకు రెండో భాగం ఉంది. 1956లో అదే బృందం, సంస్థ కుట్టించిన యూనిఫాంల కొలతలు తీసి చూసింది. కుర్ర డ్రైవర్ల నడుము కూడా కండక్టర్ల నడుము కన్నా లావుగానే ఉంది. అంటే ఆ తేడాలో కొంత, మనిషి ఉద్యోగంలో చేరేటప్పుడే తనతో తెచ్చుకున్నది కావచ్చు.

డాక్టరమ్మ: ఆ అనుమానాన్ని మోరిస్ దాచలేదు, తనే బయటపెట్టాడు. ఆయన మాటను నేను నమ్మడానికి అదీ ఒక కారణం. సన్నవాళ్లను సన్నవాళ్లతో, లావువాళ్లను లావువాళ్లతో పోల్చి చూసినా కండక్టర్లకే మేలు కనిపించింది. ఇక కదలిక ఆగితే ఏమవుతుందో నేరుగా చూసిన ప్రయోగం ఉంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లను మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ఒళ్లు ప్రాణవాయువును వాడుకునే శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. తర్వాత శిక్షణ ఇస్తే పోయిన శక్తి తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్లు గడిచాక, యాభై ఏళ్ల వయసులో, అదే ఐదుగురినీ మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల ముసలితనం వాళ్ల శక్తిని తగ్గించినదానికన్నా ఆ మూడు వారాల మంచం ఎక్కువ తగ్గించిందని తేలింది. ఆపరేషన్ అయిన మర్నాడే పెద్దవాళ్లను లేపి నాలుగడుగులు వేయిస్తే ఇంట్లోవాళ్లు నా మీద కోప్పడతారు. ఈ ఐదుగురి సంగతి తెలిస్తే కోప్పడరు.

మాస్టారు: మంచాన పడి ఉండమని మా వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్లకు ఆ భాగ్యం ఎక్కడిది? మీరు 1953 నుంచి మొదలుపెట్టారు, నేను 2021కి వస్తాను. కోపెన్‌హాగెన్‌లో లక్షకు పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించి చెప్పిన సంగతి యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో వచ్చింది. తీరిక వేళ ఒళ్లు కదిలించేవాళ్లకు గుండెజబ్బులూ చావులూ తగ్గాయి. పనిలో ఒళ్లు కదిలించేవాళ్లకు అవే పెరిగాయి. పొగ తాగడం, చదువు, ఆదాయం లాంటి తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా పెరిగాయి. ఎందుకో కూడా వాళ్లు ఆలోచించారు. వ్యాయామం చేసేవాడి గుండె కాసేపు వేగంగా కొట్టుకుని, ఆ తర్వాత రోజంతా నెమ్మదిస్తుంది. పనివాడి గుండె ఎనిమిది గంటలు ఒక మోస్తరు వేగంతో కొట్టుకుంటూనే ఉంటుంది, దానికి తేరుకునే వ్యవధి దొరకదు. బరువులెత్తేటప్పుడు బీపీ పదే పదే ఎగుస్తుంది. వేడి, వడదెబ్బ ఇవన్నీ డెన్మార్క్‌లో లేవు. మన దగ్గర అవి కూడా కలుపుకోండి. మరి మా ఆడవాళ్లు రోజంతా కార్చేది ఏ చెమట?

డాక్టరమ్మ: ఆ పరిశోధన నన్ను చాలాకాలం కలవరపెట్టింది. అయితే అదే ఏడాది నార్వే నుంచి నాలుగు లక్షల మందికి పైగా మనుషుల లెక్క లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చింది. చదువూ పొగా లాంటివన్నీ సరిచూసుకున్నాక, బరువు పని చేసిన మగవాళ్లు కూర్చుని పనిచేసినవాళ్ల కన్నా తక్కువ కాలం బతకలేదు, కాస్త ఎక్కువే బతికారు. పనివాడి ఆయుష్షు కోసేది పనా, ఆ పని చుట్టూ ఉన్న పేదరికమా అన్న తగువు ఇంకా తెగలేదు. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ‘పొలం పనే మాకు ఎక్సర్‌సైజు’ అని ఎవరన్నా అంటే అవునని తలూపి పంపడం తప్పు. కానీ చూడండి, మీరు చెప్పిన కోపెన్‌హాగెన్ లెక్క నా చీటీని కొట్టేయడం లేదు, బలపరుస్తోంది. పనిలో అలిసేవాళ్లకు కూడా తీరిక వేళ కదలిక మేలే చేసిందని అందులోనే ఉంది.

మాస్టారు: తీరిక వేళ! అక్కడే ఆగుదాం. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం మన దేశంలో మనుషులు రోజును ఎట్లా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లకు ఆ పనికే రోజుకు 299 నిమిషాలు పోతున్నాయి. ఇంటిపనిలో చేయి పెట్టే మగవాళ్లకు 97 నిమిషాలు. అసలు చేయి పెట్టేవాళ్లే మగవాళ్లలో నాలుగో వంతు. దాదాపు ఐదు గంటల ఇంటిపని మీద ఎనిమిది గంటల కూలిపని వేయండి. రాకపోకలు వేయండి. పిల్లల చదువు, ముసలివాళ్ల మందులు వేయండి. మీరు రాసిన అరగంట ఇక నిద్రలోంచే తేవాలి. నిద్ర తగ్గితే షుగరూ బీపీ పెరుగుతాయని చెప్పేదీ మీరే.

డాక్టరమ్మ: ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. వంట చేసి గిన్నెలు తోమి పిల్లల్ని పడుకోబెట్టిన మనిషిని లేచి నడవమనడం ఎంత కష్టమో రోగుల ముఖాల్లో చూస్తూనే ఉన్నాను. కానీ మాస్టారూ, మీరు పొలాన్ని చూపిస్తే నేను కుర్చీని చూపించాలి. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ వేసిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో 49.4 శాతం మంది చాలినంత కదలడం లేదు. ఆడవాళ్లలో 57, మగవాళ్లలో 42. ప్రపంచం మొత్తం మీద ఇది 31. ఈ సగం మందిలో మీ నాట్ల కూలీలు ఎక్కువగా ఉండరు. కంప్యూటరు ముందు పొద్దుపోయేవాళ్లు, దుకాణం గల్లా దగ్గర పదిగంటలు కూర్చునేవాళ్లు, రిటైరై టీవీ ముందు స్థిరపడినవాళ్లు ఉంటారు. కూలి మనిషి తరఫున మీరు చేసే వాదం న్యాయమైనదే. దాన్ని పట్టుకుని వీళ్లంతా తప్పించుకుంటున్నారన్నదే నా బాధ. ‘మా తాతలు వ్యాయామాలు చేశారా?’ అంటారు. ఆ తాతలు కాలువ గట్టున నాలుగు మైళ్లు నడిచి బడికి వెళ్లారు. ఈయన వీధి చివర పాల పాకెట్టుకు బండి తీస్తాడు.

మాస్టారు: ఆయన్ని నేను వెనకేసుకు రాను. కానీ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టిందెవరో కూడా చూడాలి కదా. నేను బడిపంతులుగా చేశాను. ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్ మింగేయడం కళ్లారా చూశాను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసుంది. అపార్ట్‌మెంట్లలో నడిచే కాలేజీల్లో పొద్దున ఐదింటికి పుస్తకం ముందు కూర్చున్న పిల్లవాడు రాత్రి పదింటికి లేస్తాడు. పదిహేను, పదహారేళ్ల వయసులో ఒళ్లు కదిలించడం మరిపించి, నలభయ్యో ఏట మళ్లీ నేర్పుతామంటున్నాం. ఇక రోడ్లంటారా? ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. మన ఊళ్లలో ఫుట్‌పాత్ మీద బండ్లు ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, నడిచే జాగా ఉండదు. చీకటి పడితే ఆడపిల్ల ఆ రోడ్డున నడవగలదా? ఇంత చేసి, నడవని నేరమంతా మనిషి బద్ధకం మీద వేస్తే ఎట్లా?

డాక్టరమ్మ: ఇందులో ఒక్క మాట కూడా కాదనను. కొలంబియాలో బొగొటా నగరం 1974 నుంచి ఆదివారాల్లో కార్లు ఆపేసి వీధులు మనుషులకు వదులుతోంది. ఇప్పుడు అట్లా వదిలే రోడ్ల పొడవు వంద కిలోమీటర్లు దాటింది. అంత పెద్ద ఊరు చేయగలిగినప్పుడు మనం చేయలేమా? మన విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపితేనే ఎంత జనం వచ్చి నడుస్తున్నారో చూడండి. చోటిస్తే మనిషి నడుస్తాడు. కానీ చోటు వచ్చేసరికి పదేళ్లు పడుతుంది. నా ఎదురుగా కూర్చున్న మనిషి రక్తనాళాలు ఆ పదేళ్లూ ఆగవు. మున్సిపాలిటీ మేలుకునేదాకా ఉండమని నేను ఏ నోటితో చెప్పను? చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం, షుగర్ అంచున ఉన్న 531 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2006లో వచ్చాయి. మన తిండి తినే, మనలాంటి ఒళ్లున్న మనుషులు. మూడేళ్లలో, మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండీ నడకా మార్చుకున్నవాళ్లలో 39.3 శాతానికి, మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 40.5 శాతానికి వచ్చింది. నడకా తిండీ కలిసి మాత్రకు సమంగా నిలబడ్డాయి. పైగా వాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు. తగ్గకపోయినా మేలు జరిగింది. ఇది తెలిసి కూడా నా రోగికి నేను చెప్పకుండా ఉండలేను.

మాస్టారు: అదే అంకెను నేను ఇంకో వైపు నుంచి చదువుతాను. నడిచి, తిండి మార్చుకున్న నూరు మందిలో 39 మందికి షుగర్ వచ్చేసింది. వాళ్లతో ఊరు ఏమంటుందో నాకు తెలుసు: ‘సరిగా నడవలేదు, నోరు కట్టుకోలేదు, అందుకే వచ్చింది’. చెప్పిందంతా చేసిన మనిషి కూడా ముద్దాయిలాగా తలొంచుకు కూర్చుంటుంది. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు ఏళ్ల తరబడి చేసిన పని చూడండి. మన దేశంలో తక్కువ బరువుతో పుట్టే పసిపిల్లల ఒంట్లో కూడా, బరువుతో పోలిస్తే కొవ్వు పాలు ఎక్కువ. కండ తక్కువ. తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి లోపం ముప్పై, నలభై ఏళ్ల తర్వాత షుగర్‌గా బయటపడుతుంది. 2004లో ఆయన, లండన్ డాక్టరు జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఫొటో దిగి లాన్సెట్‌లో వేశారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకే అంకె, 22.3. లోపల కొవ్వు మాత్రం ఇంగ్లీషాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2. పుట్టకముందే మొదలైనదానికి పెద్దయ్యాక నడవలేదని నిందిస్తే న్యాయమా?

డాక్టరమ్మ: నింద తప్పు. రోగాన్ని నేరంలా మాట్లాడే డాక్టరుంటే నేనూ తప్పే అంటాను. కానీ ఆ ఫొటో కింద ఇంకో సంగతి కూడా ఉంది. యడ్కిన్ గారు మారథాన్‌లు పరుగెత్తే మనిషి. యాజ్ఞిక్ గారు తనకు అలాంటి అలవాటు లేదని అక్కడే ఒప్పుకున్నారు. పుట్టుకతో కండ తక్కువైన మనకు, ఉన్న కండను కాపాడుకునే అవసరం ఇంగ్లీషువాళ్ల కన్నా ఎక్కువ అని నేను దాన్ని చదువుతాను.

మీరు నింద అన్నారు కాబట్టి, నింద ఎక్కడ పుడుతోందో కూడా చెబుతాను. బరువు తగ్గడం కోసమే నడక అని మనం ప్రచారం చేశాం. అక్కడ పుడుతోంది. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా జనం రోజూ మైళ్ల కొద్దీ నడుస్తారు. హెర్మన్ పాంట్జర్ బృందం వాళ్ల ఒళ్లు రోజుకు ఖర్చుపెట్టే శక్తిని కొలిచి 2012లో చెప్పింది. ఒంటి సైజును బట్టి చూస్తే అది అమెరికాలో కూర్చుని పనిచేసేవాళ్ల ఖర్చుకు దాదాపు సమానంగానే ఉంది. ఒళ్లు ఒకచోట ఖర్చు పెంచితే ఇంకోచోట సర్దుకుంటుందన్నమాట. అందుకే నడిచి నడిచి కాటా మీద ముల్లు కదల్లేదని మానేసేవాళ్లను చూస్తే నాకు దుఃఖం వస్తుంది. ముల్లు కదలకపోయినా బీపీ తగ్గుతుంది, నిద్ర పడుతుంది, మనసు తేలికపడుతుంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 1999లో, డిప్రెషన్ ఉన్న 156 మంది పెద్దవయసు వాళ్లతో చేసిన ప్రయోగంలో పదహారు వారాల తర్వాత వ్యాయామం చేసినవాళ్లూ మందు వాడినవాళ్లూ దాదాపు సమంగా కోలుకున్నారు. ఇక ముసలితనం. బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల అటూ ఇటూ వయసున్న పది మందితో మరియా ఫియాటరోన్ ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. 1990లో ఆ ఫలితాలు వచ్చాయి. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్లకు! మన ఇళ్లలో అరవై దాటిన అమ్మమ్మను ‘నువ్వు కూర్చో, మేం చేస్తాం’ అని ప్రేమగా కూర్చోబెట్టేస్తాం. మరుగుదొడ్డి మీంచి తనంతట తాను లేవగలగడం, మెట్టు దిగేటప్పుడు పడకుండా ఉండడం, తల మీద పోసుకోవడానికి చెంబెత్తగలగడం, ఇవి చిన్న విషయాలా మాస్టారూ? తుంటి ఎముక విరిగి మంచానపడిన పెద్దవాళ్లలో ఎంతమంది మళ్లీ వీధిలోకి రాగలుగుతున్నారు?

మాస్టారు: ఇక్కడ మీకు తలవంచుతాను. మా సంఘంలో మోకాళ్లు పట్టేసిన ఆడవాళ్లకు మీరు కుర్చీలో కూర్చుని కాలు చాపే వ్యాయామం నేర్పారు. చేసినవాళ్లకు మెట్లెక్కడం తేలికైందని వాళ్లే చెప్పారు. దాన్ని కాదంటే అబద్ధమవుతుంది. ముసలితనం గురించి మీరన్నది కూడా నిజమే. పేదవాళ్లకే అది మరీ నిజం. మంచానపడితే చూసుకునే ఆయమ్మను పెట్టుకోలేనిది వాళ్లే కదా.

కానీ మన పాత వైద్యులు ఒక కొలత చెప్పారు. సుశ్రుతుడూ ఆ తర్వాతివాళ్లూ వ్యాయామాన్ని ఎంతగానో మెచ్చుకున్నారు. అయితే ఒంట్లో ఉన్న బలంలో సగం దగ్గర ఆపాలన్నారు. నోటితో ఊపిరి తీసుకోవలసి వచ్చిందంటే సగానికి చేరినట్టు. దాన్ని దాటితే దగ్గు, ఆయాసం, క్షయం లాంటి జబ్బులొస్తాయని హెచ్చరించారు. ఆ కొలత నాకు ఎంతో వివేకంగా కనిపిస్తుంది.

డాక్టరమ్మ: నాకూ అంతే. ఈనాడు మేం చెప్పేదీ దానికి దగ్గరే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది మధ్యస్థమైన వేగం. అట్లా వారానికి 150 నిమిషాలు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మీరు సుశ్రుతుణ్ణి తెచ్చారు కాబట్టి ఇంకోటి కూడా గుర్తుచేస్తాను. షుగర్ జబ్బున్నవాళ్లకు ఆయన రాసిన చికిత్సలో, చెప్పుల్లేకుండా దూరదూరాలు నడవడం, ఆవుల వెంట తిరగడం, దున్నడం, బావి తవ్వడం ఉన్నాయి. కష్టపడే పనినే ఆయన మందుగా రాశాడు.

మాస్టారు: రాశాడు. ఎవరి బావి తవ్వమన్నాడో చూడండి. అది జబ్బు తగ్గడం కోసం తవ్వే బావి, అలిసిపోతే గట్టెక్కి కూర్చోవచ్చు. మా వాళ్లు తవ్వేది ఇంకొకరి బావి. నాట్లు ఎకరాకు ఇంత అని గుత్తకు ఒప్పుకుంటారు. ముఠాలో ఒక మనిషి నడుం ఎత్తితే మిగతావాళ్ల వరస ఆగుతుంది, కూలి తగ్గుతుంది, చీకటి పడుతుంది. సగం బలం దగ్గర ఆగమని సుశ్రుతుడన్నాడు, పాట పాడలేని వేగం దగ్గర ఆగమని మీరంటున్నారు. ఆ ఆగే హక్కు ఆమెకు ఎవరిచ్చారు? నా గొడవంతా ఇదే డాక్టరమ్మా. తీరిక వేళ కదలిక మందుగా ఎందుకు పనిచేస్తోంది? ఆపాలనిపించినప్పుడు ఆపుకోవచ్చు గనక. ఆ ఒక్క తేడా తీసేస్తే పార్కులో నడిచే ఆయన కూడా కూలీయే అవుతాడు.

డాక్టరమ్మ: కారణాల్లో అదొకటని ఒప్పుకుంటాను, అదొక్కటే అని ఒప్పుకోను. కానీ మీ ప్రశ్న సరైనది. చెప్పండి, నేనేం చేయాలి?

మాస్టారు: చీటీలో అది కూడా రాయండి. ‘రెండు గంటలకోసారి పావుగంట పని ఆపి నడుం చాపుకోనివ్వాలి, నీడ ఉండాలి, నీళ్లుండాలి, మిట్టమధ్యాహ్నం ఎండలో వంచకూడదు.’ డాక్టరు సంతకంతో అది కూడా మందే.

డాక్టరమ్మ: ఒక మనిషి పేరు మీద అది రాస్తే మర్నాడు ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ‘ఈమెకు ఆరోగ్యం బాగాలేదట’ అని మేస్త్రీ ఆమెను ముఠాలోంచి తీసేస్తాడు. ఆమె కూలి పోగొట్టే కాగితం మీద నేను సంతకం పెట్టను. ముఠా మొత్తానికి, ఊరు మొత్తానికి అని రాయండి. పంచాయతీకి రాయండి, రైతుల సంఘానికి రాయండి. వంగి చేసే పనిలో విరామం ఎందుకు కావాలో, వేడిలో గుండె మీద ఎంత భారం పడుతుందో కారణాలతో నేను రాసిస్తాను, సంతకం పెడతాను, వచ్చి మాట్లాడతాను. ఆ పావుగంట వల్ల పని కుంటుపడదని రైతుకు చెప్పడం కూడా నా బాధ్యతే. నొప్పి లేని నడుము మధ్యాహ్నం తర్వాత కూడా పొద్దున్నలాగే పనిచేస్తుంది.

మాస్టారు: పెట్టండి. రేపే కాగితం తెస్తాను. మరి ఆ అరగంట?

డాక్టరమ్మ: రాస్తూనే ఉంటాను.

మాస్టారు: అదే నేను ఒప్పుకోలేనిది. ఈ చేత్తో విరామం అడుగుతూ ఆ చేత్తో అరగంట నడవమంటే, వినేవాళ్లకు తేలికైనదే చెవికెక్కుతుంది. నడక ఖర్చు లేనిది. విరామం రైతుకు ఖర్చు, నీడ పంచాయతీకి ఖర్చు, ఇంటిపని పంచుకోవడం మొగుడికి ఖర్చు. చివరికి అందరూ కలిసి ఖర్చు లేనిదాన్ని ఆమె నెత్తిన పెట్టి ఇళ్లకు పోతారు.

డాక్టరమ్మ: నిజమే కావచ్చు. అయినా ఆ ఖర్చులన్నీ వాళ్లు ఒప్పుకునేదాకా ఆమె చక్కెరను ఏం చేయమంటారు? అరగంట అని రాయను, సరేనా? పది అడుగులైనా లెక్కే అని రాస్తాను. ఒకేసారి కనీసం పది నిమిషాలుండాలన్న నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసేసింది. పదివేల అడుగుల గురించి కూడా ఎవరూ బెంగపడనక్కర్లేదు. అది 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చిన అంకె. 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్లను గమనిస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు మేలు పెద్దగా లేదు. అంటే అసలు కదలనివాళ్లకే కొంచెం కదలిక ఎక్కువ మేలు చేస్తుంది. రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు వీధిలో అటూ ఇటూ. ఆ పది నిమిషాలూ గిన్నెలు తోమడం ఆమె మొగుడి పని అని కూడా రాస్తాను. చీటీ ఆయన చేతికే ఇచ్చి చదివిస్తాను.

మాస్టారు: ఆ చీటీ ఆయన జేబులోంచి బయటికి రాదు.

డాక్టరమ్మ: కొందరి జేబుల్లోంచి వస్తుంది. వచ్చినవాళ్ల ఇంట్లో ఆమెకు ఆ రాత్రి చక్కెర తగ్గుతుంది. నాకు ఆ ఒక్క రాత్రి కూడా లెక్కే.

మాస్టారు: నాకు రానివాళ్ల లెక్క కావాలి. మన పద్ధతుల్లో తేడా అదే. సంఘం మీటింగు పెడితే నేను నడక గురించి ఒక్క మాట ఎత్తను. ఆమె తీరిక గురించే అడుగుతాను, తీరిక దొరికితే ఆ ఒళ్లు తనంతట తానే కదులుతుంది.

డాక్టరమ్మ: కదలదు మాస్టారూ. తీరిక దొరికిన ఇళ్లలో ఏం జరుగుతోందో నా ఓపీ గదిలో చూస్తున్నాను. తీరిక వచ్చిన చోట కుర్చీ వచ్చింది, టీవీ వచ్చింది. అందుకే ఆ మీటింగుకు నేనూ వస్తాను. మీరు తీరిక అడగండి, దాంతో ఏం చేయాలో నేను చెబుతాను.

మాస్టారు: రండి. కానీ ముందు నేను మాట్లాడతాను.